కొత్త బండి చెడిపోతే మన హక్కులేమిటి?

(రేణిగుంటలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠము)



పాల సంఘాల సమావేశమంటే పశుగ్రాసము, గొడ్ల జబ్బులు, వెన్న శాతము, పాల ధర, వీటిని గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈరోజు మా సంఘం తరఫున మేము మాట్లాడబోయేది బండ్లను గురించి. పాలకూ బండికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధము చాలా ఉన్నది. పల్లెలో పోసిన పాలు చెడకుండా శీతలీకరణ కేంద్రానికి చేర్చేది బండి. పాలు నాలుగు డిగ్రీల చల్లదనానికి దిగేదాకా ప్రతి నిమిషమూ లెక్కే. అందుకే మన పిల్లలు బ్యాంకులోనో, ఫైనాన్సు కంపెనీలోనో అప్పు తెచ్చి, లక్షలు పోసి చిన్న లారీలు, ఆటోలు, కార్లు కొంటున్నారు. రైతు ఇంట్లో భూమి, ఇల్లు తరువాత అంత పెద్ద ఖర్చు మరొకటి లేదు. ఆ కొత్త బండి మొదటి నెలలోనే మొరాయిస్తే ఏమి చేయాలో మనలో ఎంతమందికి తెలుసు?

మాకు తెలియదు. తెలియకపోవడంవల్ల మా సభ్యుడొకరు చాలా నష్టపోయారు. ఆ నష్టంలో మా పాలు కూడా ఉన్నది గనుక, జరిగినదంతా దాచకుండా మీ ముందు పెడుతున్నాము.

ఆ కుర్రవాడు మామండూరు వైపు పల్లెలనుండి క్యాన్లు తెచ్చే పనికి ఒప్పుకొని, కొత్త బండి కొన్నాడు. తానే డ్రైవరు, తానే క్లీనరు. మూడో వారంలో, ఎండాకాలము పొద్దున, పది క్యాన్లతో వస్తూ ఉండగా ఇంజను వేడెక్కి బండి దారిలో ఆగిపోయింది. క్యాను నలభై లీటర్లు. పది క్యాన్లు నాలుగు వందల లీటర్లు. వేరే బండి తెచ్చి కేంద్రానికి చేర్చేసరికి పాలు విరిగే దశకు వచ్చాయి, తిరగగొట్టారు. ఆ పూట పాలు పోసిన వారెవరికీ డబ్బు రాలేదు.

షోరూము వారు నీళ్ళు మార్చి, ఏదో బిగించి, "అన్నా, కొత్త బండి గదా, నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది" అని పంపించారు. మళ్ళీ వారానికి అదే జబ్బు. మళ్ళీ షోరూము. ఇట్లా నాలుగు తడవలు జరిగింది. కంపెనీ పేరు, షోరూము పేరు ఇక్కడ అనవసరము. మన మాట వారిని నిందించడానికి కాదు, మనము జాగ్రత్తపడటానికి.

అబ్బాయి మా సంఘం ఆఫీసుకు వచ్చి, "ఏం జేసేది సామీ" అని కూర్చున్నాడు. మేము చెప్పిన సలహా ఏమిటో తెలుసా? "వాళ్ళు పెద్ద కంపెనీవాళ్ళు, మనమేమి చేయగలము? కంతులు కట్టడం ఆపు, వాళ్ళే దారికి వస్తారు" అన్నాము. ఆ మాట విని అతడు కంతులు ఆపాడు. దారికి ఎవరూ రాలేదు. అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ వారు వచ్చి బండి పట్టుకొని పోయారు. అప్పుడు గాని మేము తిరుపతిలో ఒక వకీలు దగ్గరికి పోలేదు.

ఆయన మూడే ప్రశ్నలు అడిగారు. "జాబ్ కార్డులు ఏవి? మీరు రాసి ఇచ్చిన ఫిర్యాదు ఏది? బండి ఎక్కడున్నది?" మూడింటికీ మా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగమంతా ఆ మూడు ప్రశ్నలే.

మొదటి ప్రశ్న కాగితము. మనము పూటకు మూడు లీటర్ల పాలు పోసినా చీటీ తీసుకొంటాము. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అని చూసుకొని, పాస్ పుస్తకంలో ఎక్కించుకొని గాని ఇంటికి పోము. వెన్న ఒక పాయింటు తగ్గితే సెక్రటరీతో జగడము పెట్టుకొంటాము. అదే మనము, లక్షలు పోసి కొన్న బండిని షోరూములో వదిలి, ఉత్త చేతులతో ఇంటికి వస్తున్నాము. వదిలిన ప్రతిసారీ జాబ్ కార్డు అడిగి తీసుకోవాలి. అందులో తేది, కిలోమీటర్ల రీడింగు, మనము చెప్పిన లోపము మన మాటల్లోనే ఉండాలి. "ఇంజను వేడెక్కి దారిలో ఆగింది" అని మనము చెబితే "జనరల్ చెకప్" అని రాసుకొని సంతకము పెట్టమంటారు. ఆ సంతకము పెట్టకండి. మా వాడి నాలుగు తడవల్లో రెండింటికి కార్డే లేదు, తక్కిన రెండింటిలో "జనరల్ చెకప్" అని ఉన్నది.

కాగితపు జాగ్రత్త బండి ఇంటికి రాకముందే మొదలు కావాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఇన్‌వాయిసుతో సరిచూడాలి. తయారైన నెల, సంవత్సరము చూడాలి. గోవాలో ఒక కొనుగోలుదారుడికి 2009లో తయారైన కారును 2011లో కొత్తదని అమ్మారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. 2021లో కోర్టు, డీలరు చేసిన పనికి తయారీదారైన టాటా మోటార్సుకు ప్రమేయము ఉన్నట్లు రుజువు లేదు కాబట్టి బాధ్యత దానిపై పెట్టలేమని చెప్పింది. అంటే, ఎవరి తప్పు ఎంతవరకో విడివిడిగా చూపించవలసి ఉంటుంది. ఫిర్యాదు చేసేటప్పుడు డీలరునూ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చాలి. ఒకరిని వదిలేస్తే, తప్పు ఆ వదిలినవారిదేనని రెండోవారు చెబుతారు.

తేదీలు రాసిపెట్టుకొంటే ఏమి బలము ఉంటుందో మన రాష్ట్రపు కేసే ఒకటి చెబుతుంది. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే కంపెనీ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ కారు కొన్నది. నాలుగో రోజున, అంటే 29వ తేదీన, నడుస్తూ ఉండగానే పెద్ద లోపము బయటపడింది. వర్కుషాపుకు పంపారు. నవంబరు 13న మళ్ళీ అదే ఇబ్బంది. 16న పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. మోసము కేసు నడిచింది. 2012లో హైదరాబాదులోని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మోసము కేసు కొట్టివేసింది, అయినా కొత్త కారు ఇవ్వమని తయారీదారును ఆదేశించింది. కంపెనీ దానికి ఒప్పుకొని, పాత కారు తెచ్చి ఇవ్వమన్నది. కొన్నవారు కారు వద్దు, డబ్బు కావాలన్నారు. వ్యవహారము సుప్రీంకోర్టుకు పోయింది. చివరకు 2024 జూలై 10న, అన్ని లెక్కలూ తీరేటట్లు 50 లక్షల రూపాయలు చెల్లించమని సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ కేసులో మనకు మూడు పాఠాలు ఉన్నాయి. కొన్న నాలుగో రోజునుండి తేదీలవారీగా చెప్పగలిగారు కాబట్టి వారి మాట నిలిచింది. బండిలో లోపము వేరు, మోసము వేరు. లోపము ఉన్నంత మాత్రాన పోలీసు కేసు నిలవదు, దానికి తగిన చోటు వినియోగదారుల కమిషను. మూడోది, సరియైన ప్రతిపాదన వచ్చినప్పుడు బాగా ఆలోచించుకోవాలి. 2009లో మొదలైన తగాదా 2024లో తీరింది. ఒక కంపెనీ పదిహేనేళ్ళు ఆగగలదు. కంతులు కట్టుకొనే పాల బండివాడు పదిహేను వారాలు కూడా ఆగలేడు.

రెండో ప్రశ్న రాతపూర్వక ఫిర్యాదు. షోరూములో గట్టిగా అరిచి వస్తే మన కోపము తీరుతుంది గాని, సాక్ష్యము మిగలదు. రెండోసారి అదే లోపము వచ్చినప్పుడే ఒక ఉత్తరము రాయాలి. ఏ తేదీన కొన్నాము, ఏ ఏ తేదీల్లో చెడింది, వారంటీ ఎప్పటిదాకా ఉన్నది, మనకేమి కావాలి, ఇన్ని రోజుల్లో బాగుచేయండి, ఇంతే రాయాలి. డీలరుకు ఒకటి, కంపెనీకి ఒకటి పోస్టులో పంపి, రసీదులు దాచాలి. ఫోనులో ఉత్తరము పంపినా సరే, దాని నకలు తీసి పెట్టుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. దానికి తెలుగులో చెప్పుకోవచ్చు. వారు కంపెనీతో మాట్లాడతారు. చాలా తగాదాలు అక్కడే సర్దుబాటు అవుతాయి. ఆ ఫిర్యాదు నంబరు కూడా రాసి పెట్టుకోవాలి.

మూడో ప్రశ్న బండి. ఇది అన్నిటికంటే ముఖ్యము. పాల నాణ్యత ఎవరి మాటనుబట్టి నిర్ణయిస్తాము? పోసేవారు చిక్కని పాలంటారు, కొనేవారు పలుచనంటారు. పరీక్ష చేస్తే గాని తేలదు. బండి కూడా అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 38వ సెక్షను ప్రకారము, పరీక్ష లేకుండా లోపము తేలని వస్తువును కమిషను తగిన ప్రయోగశాలకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక ఇమ్మంటుంది. ఆ పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి ఉంటుంది. తటస్థుడైన నిపుణుణ్ణి వేయమని కూడా మనము కోరవచ్చు. బండే చేతిలో లేకపోతే దేనిని పరీక్షిస్తారు? మా సభ్యుడికి జరిగింది ఇదే. అప్పు ఇచ్చినవాడు వేరు, బండి అమ్మినవాడు వేరు. అమ్మినవాడి మీద కోపముతో అప్పు కంతు ఆపితే, మన సాక్ష్యాన్ని మనమే పోగొట్టుకొన్నట్లు. కంతు కట్టుతూనే పోరాడాలి. కట్టలేని స్థితి వస్తే అప్పిచ్చినవారికి రాసి గడువు అడగాలి. తగాదా నడిచే రోజుల్లో బయటి మెకానికు చేత ఇంజను విప్పించకూడదు. విప్పిస్తే "చెడగొట్టింది మీరే" అంటారు.

పరీక్షకు ఉన్న బలము బెంగుళూరు కేసొకటి చూపిస్తుంది. ఒకాయన కొన్న ఫియట్ కారులో ఇంజను శబ్దము వచ్చేది. ఇంజను మార్చినా ఆయనకు తృప్తి కలుగలేదు. 2010లో సుప్రీంకోర్టు, తటస్థ నిపుణుడు కారును చూడాలనీ, తయారీలోనే లోపమున్నదని ఆయన చెబితే కారు ధర వడ్డీతో తిరిగి ఇవ్వాలనీ చెప్పింది. కోర్టు ఎవరి మాటా గుడ్డిగా నమ్మలేదు, తీర్పును పరీక్షకు ముడిపెట్టింది.

అయితే అన్ని లోపాలకూ కొత్త బండి వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో క్లచ్చి లోపానికి కారునే మార్చమన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వారంటీలో లోపమున్న భాగాన్ని మార్చుతామని ఉన్నప్పుడు ఆ భాగమే మార్చాలన్నది. కాబట్టి వారంటీ పుస్తకము చదివించుకొని వినాలి. కొన్ని లోపాలకు నిపుణుడే అక్కరలేదు. 2022లో హ్యుందాయ్ కారు కేసులో, ముందునుండి గట్టిగా ఢీకొన్నా ప్రాణరక్షణ గాలిసంచులు తెరుచుకోలేదు. ఎంత వేగానికి, ఎంత బలానికి అవి తెరుచుకోవాలో లెక్కలు కట్టడం కొన్నవాడి పని కాదని చెప్పి, పరిహారమూ, కారు మార్పిడీ ఇమ్మన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు నిలబెట్టింది.

రైతుల సంగతికి వస్తే, మన ఆంధ్ర రైతులే ఒక దారి వేశారు. నాసి విత్తనాలవల్ల పంట పోయిన రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వినియోగదారుల ఫోరాలకు పోయారు. పరీక్షకు విత్తనము నమూనా ఏదీ అని ఎదుటివారు అడిగారు. విత్తనాలన్నీ చేలో చల్లే రైతు, ముందు ముందు తగాదా వస్తుందని కొన్ని దాచి ఉంచుతాడా అని 2012లో సుప్రీంకోర్టు రైతుల పక్షమే నిలిచింది. రైతు కూడా వినియోగదారుడేనని ఖాయము చేసింది. విత్తనానికి ఉన్న ఆ వెసులుబాటు బండికి ఉండదు. విత్తనము భూమిలో కలిసిపోతుంది, బండి మన ఇంటిముందే ఉండాలి.

"నీవు బండి వ్యాపారానికి కొన్నావు, నీవు వినియోగదారుడవు కావు" అని ఎదుటివారు వాదించవచ్చు. దానికి జవాబు చట్టంలోనే ఉన్నది. స్వయం ఉపాధితో బ్రతుకుతెరువు కోసమే కొన్నది వ్యాపార ప్రయోజనము కిందికి రాదు. ఆటో కొని తానే నడుపుకొని బ్రతికేవాడు వినియోగదారుడేనని 1995లో సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. తానే నడిపే పాల బండికీ అదే వర్తిస్తుంది. నాలుగు బండ్లు కొని జీతగాళ్ళను పెట్టి తిప్పేవారి సంగతి వేరు. అందుచేత ఫిర్యాదులో "ఈ బండి నేనే నడుపుకొంటున్నాను, ఇదే నా జీవనాధారము" అని మొదటే రాయాలి.

ఇక ఫిర్యాదు ఎక్కడ? మన రేణిగుంట మండలము 2022 ఏప్రిల్ 4నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. చెన్నైలో కొన్నా, బెంగుళూరులో కొన్నా, మనము నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇది 2019 చట్టము ఇచ్చిన పెద్ద సౌకర్యము. కొన్న ధర 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషనే చాలు. ఐదు లక్షల వరకు రుసుము లేదు. ఐదునుండి పది లక్షల వరకు 200 రూపాయలు, పదినుండి ఇరవై లక్షల వరకు 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు, మన మాట మనమే చెప్పుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటినుండే దాఖలు చేయవచ్చు. కారణము ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరాలలోపల వేయాలి. "రేపు చూస్తాము, మాపు చూస్తాము" అని షోరూమువారు తిప్పుతూ ఉంటే ఈ గడువు నడుస్తూనే ఉంటుంది, మరువకండి. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టము. ఆచరణలో ఆలస్యము కావచ్చు. కాగితాలు సరిగా లేకపోతే ఆలస్యము ఇంకా పెరుగుతుంది.

లోపము సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు తిరిగి ఇమ్మని, నష్టపరిహారము ఇమ్మని కమిషను ఆదేశించగలదు. విరిగిపోయిన పాల నష్టము కూడా అడగవచ్చు, కాని పాలు తిరగగొట్టిన చీటీ ఉండాలి. ఒకే రకము బండి కొన్నవారందరికీ ఒకే జబ్బు వస్తే, కమిషను అనుమతితో అందరి తరఫునా కలిసి ఫిర్యాదు చేయవచ్చు. ప్రమాదకరమైన లోపమున్న బండ్లను వెనక్కి తీసుకోమని కంపెనీని ఆదేశించే అధికారము, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము 110ఏ సెక్షను కింద కేంద్రప్రభుత్వానికి ఉన్నది.

సోదరులారా, సహకార సంఘమంటే పాలు కొలవడానికి మాత్రమే కాదు. ఒక్కడి గిన్నెడు పాలకు విలువ లేనప్పుడు, అందరి గిన్నెలూ కలిపి క్యాను నింపి విలువ తెచ్చుకొన్నాము. మా సంఘంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకొన్నాము. సభ్యుడెవరైనా బండి గాని, పాలుపితికే యంత్రము గాని, గడ్డి కోసే యంత్రము గాని కొంటే, ఇన్‌వాయిసు, వారంటీ పుస్తకము, జాబ్ కార్డుల నకళ్ళు సంఘం ఆఫీసులో ఒక ఫైలులో పెడతాము. రెండోసారి చెడితే, చదువు వచ్చిన సభ్యుడొకరు ఉత్తరము రాసి పెడతారు, షోరూముకు తోడు పోతారు. దీనికి సంఘానికి అయ్యే ఖర్చు నాలుగు జిరాక్సు కాగితాలు. మీ మీ సంఘాల్లో కూడా ఈ పని మొదలుపెట్టాలని మనవి చేస్తున్నాము.

మా కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాము. అతడు ఇప్పుడు వేరొకరి బండికి జీతానికి డ్రైవరు. అదే రూటులో మా పాలే తెస్తాడు. బండి పోయినా అప్పు బాకీ అతని మీద ఇంకా కొంత ఉన్నది. పోయిన నెల అతని యజమాని కొత్త బండి కొన్నప్పుడు, డెలివరీ రోజున ఛాసిస్ నంబరు సరిచూసినవాడు, తయారైన నెల అడిగినవాడు అతడే. ఆ కాగితాల నకళ్ళు తెచ్చి మా ఫైలులో పెట్టి, "ఈసారి మూడింటికీ జవాబు ఉంది సామీ" అన్నాడు. ఆ మాట మా తప్పును మాకు గుర్తుచేసింది. మీరు ఆ తప్పు చేయకుండా ఉంటే మా ప్రసంగము సార్థకమైనట్లే.